దాచుకున్న సొమ్ము, తిరిగి కట్టాల్సిన భృతి

బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి తీసుకునే మనిషికి బ్యాంకులో సరిగ్గా 16,000 పౌండ్లు ఉంటే, భృతి బాగా తగ్గినా నెలకు ఎంతో కొంత చేతికొస్తుంది. 16,001 ఉంటే ఏమీ రాదు. ఆ పొదుపు సంగతి భృతి ఇచ్చే శాఖకు చెప్పకుండా రెండేళ్లు గడిస్తే, అప్పటిదాకా అందుకున్న దాంట్లో వేల పౌండ్లు తిరిగి కట్టాల్సిన బాకీగా తేలతాయి. అది మోసమా, మరుపా, తెలియనితనమా అన్న విచారణ ఆ తర్వాతి సంగతి. బాకీ మాత్రం అన్నిటికీ ఒకటే.

ఆదాయం, ఆస్తి చూసి సాయం చేసే ప్రతి దేశంలోనూ ఈ చిక్కు ఉంది. చెప్పని పొదుపు బయటపడటం, ఎక్కువగా ముట్టిందని ప్రభుత్వం లెక్క తేల్చడం, ఆ సొమ్ము వెనక్కి రాబట్టడం అనే మూడు దశల్లో అది నడుస్తుంది. చర్చంతా మొదటి దశ చుట్టూ, అంటే జనం నిజాయితీ చుట్టూ తిరుగుతుంది. కానీ బాకీ ఎంత పెరుగుతుందో నిర్ణయించేవి ప్రభుత్వం చేతిలో ఉన్న సంగతులే. పరిమితి ఎంత పెట్టారు, దాన్ని ఎన్నాళ్లుగా సవరించలేదు, ఎప్పుడెప్పుడు అడిగారు, తెలిశాక ఎంత త్వరగా స్పందించారు అన్నవాటిని వదిలేసి జనం నిజాయితీ ఒక్కటే తూచితే లెక్క తప్పుతుంది.

లెక్క ఎలా వేస్తారు

యూనివర్సల్ క్రెడిట్‌లో మొదటి 6,000 పౌండ్ల పొదుపును పట్టించుకోరు. ఆపైన ప్రతి 250 పౌండ్లకూ, లేదా అందులో భాగానికీ, నెలకు 4 పౌండ్ల 35 పెన్నీల ఆదాయం వస్తున్నట్టు భావించి భృతిలో కోస్తారు. ఉదాహరణకు ఒకామె దగ్గర 8,100 పౌండ్లు ఉన్నాయనుకుందాం. 6,000 పోగా మిగిలిన 2,100లో ఎనిమిది పూర్తి 250లు, ఒక ముక్క ఉంటాయి. ఆ ముక్కను కూడా పూర్తి 250గానే లెక్కిస్తారు. తొమ్మిది సార్లు 4.35 అంటే నెలకు 39.15 పౌండ్లు కోత. 2025-26లో పాతికేళ్లు నిండిన ఒంటరి వ్యక్తికి మూల భృతి నెలకు 400.14 పౌండ్లు కాబట్టి దాదాపు పదో వంతు పోయినట్టే.

ఈ లెక్క వెనకున్న ఊహ గమనించాల్సింది. 250 పౌండ్లకు నెలకు 4.35 అంటే ఏడాదికి 52.20. అంటే దాదాపు 21 శాతం వడ్డీ. ఏ మామూలు పొదుపు ఖాతా ఇంత ఇవ్వదు. 2009 మార్చి నుంచి 2021 చివరిదాకా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మూల వడ్డీ రేటు ముప్పావు శాతం దాటలేదు. ఆ కాలమంతా పేదవాడి పొదుపు ఇంత రాబడి తెస్తోందన్న ఊహ మీదే కోత నడిచింది. ఇది నిజమైన వడ్డీ లెక్క కాదు, ఆ డబ్బు ఖర్చు పెట్టుకోండి అని చెప్పే పద్ధతి అని సమర్థకులు వాదిస్తారు. అది ఒక విధానమే కావచ్చు. అయితే దాన్ని ఆదాయం అని పిలవడం వల్ల, వడ్డీ రాని ఖాతాను ప్రకటించాల్సిన అవసరమే లేదని చాలామంది అనుకుంటారు.

పరిమితుల వయసు చూస్తే సమస్య ఇంకా తేటపడుతుంది. ఇన్‌కమ్ సపోర్ట్ వంటి భృతులకు 6,000, 16,000 పౌండ్ల హద్దులు 2006 ఏప్రిల్‌లో వచ్చాయి. అవే యూనివర్సల్ క్రెడిట్‌లోకి దిగాయి, అవే నేటికీ ఉన్నాయి. ధరలతో పాటు పెంచుకుంటూ వచ్చి ఉంటే పై హద్దు ఈపాటికి పాతిక వేల పౌండ్లు దాటేది. హద్దు కదలకుండా జీతాలూ ధరలూ పెరిగినకొద్దీ, పాత లెక్కలో బీదవాళ్లుగా ఉండవలసినవాళ్లు కొత్తగా ఉన్నవాళ్ల జాబితాలో చేరుతూ పోతారు.

అమెరికాలో ఇది మరీ ఘోరం. వృద్ధులకూ వికలాంగులకూ ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ భృతికి ఒంటరి వ్యక్తి దగ్గర 2,000 డాలర్లు, దంపతుల దగ్గర 3,000 డాలర్లు మించకూడదు. ఈ అంకె 1989 నుంచి మారలేదు. సొంతిల్లు, ఒక కారు లెక్కలోకి రావు. ఒకటో తారీకు మొదలయ్యే క్షణానికి ఖాతాలో ఎంత ఉందన్నదే ప్రమాణం. ముప్పయ్యో తారీకున అద్దెకని ఉంచుకున్న డబ్బు ఒకటో తారీకు తెల్లవారేదాకా ఖాతాలోనే ఉండిపోయి హద్దు కాస్త దాటినా, ఆ నెల మొత్తానికి అర్హత పోతుంది. ఆస్ట్రేలియా ఇదే పనికి వేరే దారి పట్టింది. అక్కడ పొదుపు మీద వస్తుందని భావించే రాబడి రేట్లను 2025 సెప్టెంబరులో 0.75, 2.75 శాతంగా నిర్ణయించారు. బ్రిటన్ ఊహించే 21 శాతంతో పోల్చి చూస్తే, ఈ అంకెలు ప్రకృతి నియమాలు కావనీ ప్రభుత్వాల నిర్ణయాలేననీ అర్థమవుతుంది.

దాచడం ఒక రకం కాదు

నిజంగా మోసం చేసేవాళ్లు ఉన్నారు. వేలల్లో పొదుపు ఉండీ, దరఖాస్తులో సున్నా అని రాసి, ఏళ్ల తరబడి భృతి తీసుకున్నవాళ్లను బ్రిటన్ కోర్టులు శిక్షించాయి. 2024-25లో అక్కడి పని, పింఛన్ల శాఖ అన్ని భృతుల్లో కలిపి సుమారు 950 కోట్ల పౌండ్లు ఎక్కువగా చెల్లించినట్టు అంచనా. మొత్తం ఖర్చులో అది 3.3 శాతం. యూనివర్సల్ క్రెడిట్‌లో ఇలాంటి చెల్లింపులకు ప్రధాన కారణాల్లో చెప్పని పొదుపు ఒకటి. ఇది పన్ను కట్టేవాళ్ల డబ్బు. తీసిపారేయదగ్గ చిన్న మొత్తం కాదు.

కానీ ఆ 950 కోట్లలో మోసం, దరఖాస్తుదారు పొరపాటు, అధికారుల పొరపాటు మూడూ కలిసే ఉన్నాయి. వీటి మధ్య ఎంత తేడా ఉందో చూడండి. 2024లో లండన్‌లో ఐదుగురు బల్గేరియన్లకు శిక్ష పడింది. వాళ్లు నకిలీ పత్రాలతో, వేల దొంగ దరఖాస్తులతో 5 కోట్ల పౌండ్లకు పైగా కాజేశారు. అమ్మ చనిపోయాక వాటాగా వచ్చిన 9,000 పౌండ్లను చెప్పాలని తెలియక ఊరుకున్న మనిషిని ఈ ముఠాతో ఒకే పట్టికలో పెడితే ఆ పట్టిక ఎవరికీ ఏమీ నేర్పదు.

తెలియక జరిగేవాటికి కారణాలు చాలానే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో ఆగిపోయిన పాత టాక్స్ క్రెడిట్లకు పొదుపు మీద హద్దే లేదు. వాటిని తీసుకున్న కుటుంబాలు యూనివర్సల్ క్రెడిట్‌కు మారినప్పుడు, 16,000 దాటినవాళ్లకు ప్రభుత్వమే ఏడాది గడువు ఇచ్చింది. ఏళ్ల తరబడి ఎవరూ అడగని సంగతి ఆ తర్వాత ఒక్కసారిగా ప్రాణం మీదికి వచ్చింది. పెన్షన్ క్రెడిట్‌లోనూ ఇలాగే జరిగింది. 2003లో అది మొదలైనప్పుడు చాలామంది వృద్ధులకు అయిదేళ్లదాకా పొదుపు పెరిగినా చెప్పనక్కర్లేదని నియమమే ఉండేది. 2016 ఏప్రిల్ నుంచి ఆ వెసులుబాటు కొత్తవారికి పోయింది. చెప్పనక్కర్లేదన్న అలవాటును నేర్పిందీ, మార్చిందీ ఒకే శాఖ.

ఇక ఎవరి డబ్బు ఎవరిదన్న ప్రశ్న. ఉమ్మడి ఖాతాలో సొమ్మును సాధారణంగా సమంగా పంచి లెక్కిస్తారు. మరొకరి డబ్బు మన ఖాతాలో ఉంటే, అది మనది కాదని మనమే నిరూపించుకోవాలి. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది దగ్గరి సంగతి. వీసా మీద ఉన్న ఉద్యోగులకూ వారి కుటుంబాలకూ ఈ భృతులు వర్తించవు. శాశ్వత నివాస హక్కు పొందినవాళ్లకు మాత్రం వర్తిస్తాయి. వాళ్లకు గుంటూరులోనో హైదరాబాదులోనో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్, అద్దెకిచ్చిన ఫ్లాటు, అమ్మానాన్నలతో కలిసి తెరిచిన ఖాతా అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆస్తి ఏ దేశంలో ఉన్నా ఆస్తే. ఒంటిమీది నగలను వ్యక్తిగత వస్తువులుగా చూసి మినహాయిస్తారు. చెల్లెలి పెళ్లి కోసమని నాన్న కూతురి ఖాతాలో వేసి ఉంచిన డబ్బు మాత్రం, కాగితం ఆధారం చూపేదాకా, కూతురిదే. 2017 నుంచి భారతదేశమూ బ్రిటన్ కూడా పన్ను శాఖల ద్వారా ఖాతాల సమాచారం ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. భారత్‌లోని ఖాతా బ్రిటన్‌లో తెలియదనే ధీమాకు ఇప్పుడు ఆధారం లేదు.

అర్హత కోసం డబ్బు వదిలించుకోవడమూ పనికిరాదు. భృతి కోసమే కొడుక్కి 10,000 పౌండ్లు ఇచ్చేశారని తేలితే, ఆ డబ్బు ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కిస్తారు. అప్పు తీర్చడం, సహేతుకమైన అవసరాలకు ఖర్చు పెట్టడం మాత్రం ఆ కిందికి రావు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో దరఖాస్తు పెట్టే రోజున ఎవరూ వివరంగా చెప్పరు. అధికారి అనుమానం వచ్చాకే అది తెలిసొస్తుంది.

తప్పు ఎవరిదైనా బాకీ ఒకరిదే

పాత భృతుల్లో ఒక న్యాయం ఉండేది. తప్పుడు సమాచారం ఇచ్చినా, చెప్పాల్సింది చెప్పకపోయినా సొమ్ము తిరిగి కట్టాలి. అధికారి పొరపాటు వల్ల ఎక్కువ వస్తే సాధారణంగా కట్టనక్కర్లేదు. 2012 సంక్షేమ సంస్కరణల చట్టం యూనివర్సల్ క్రెడిట్‌కు దీన్ని తిప్పేసింది. శాఖ తప్పు చేసినా సొమ్ము తిరిగి రాబట్టవచ్చు. మాఫీ చేయాలా వద్దా అన్నది శాఖ ఇష్టం.

ఈ ఇష్టానికీ హద్దులున్నాయని 2023లో లండన్ హైకోర్టు చెప్పింది. ఒకామె తనకు ఎక్కువ వస్తున్నదేమోనని ముందే అడిగింది. సరిగ్గానే వస్తోందని శాఖ హామీ ఇచ్చింది. తర్వాత అదే శాఖ ఆ సొమ్ము వెనక్కి ఇమ్మంది. హామీ ఇచ్చి మాట తప్పడం కుదరదని కోర్టు ఆ వసూలును తప్పుబట్టింది. ఆమె అడిగింది కాబట్టి నిలబడింది. అడగాలని తెలియనివాళ్ల సంగతి ఏమిటన్నదే ఆ తీర్పు మిగిల్చిన ప్రశ్న.

బాకీకి తోడు జరిమానాలు ఉంటాయి. అశ్రద్ధకు 50 పౌండ్లు. మోసమని అనుమానించి కోర్టుకు పోకుండా రాజీ పడితే, బాకీలో సగం, కనీసం 350, గరిష్ఠం 5,000 పౌండ్లు. కోర్టు కేసు అంటే భయపడి, తప్పు చేయకపోయినా ఒప్పుకునేవాళ్లు ఉంటారన్న ఆందోళనను సలహా సంస్థలు తరచూ వినిపిస్తాయి. 2025 ఏప్రిల్ నుంచి ఒక మంచి మార్పు వచ్చింది. బాకీల కింద నెలవారీ గరిష్ఠ కోత మూల భృతిలో 25 శాతం నుంచి 15 శాతానికి దిగింది.

చాలామందికి తెలియని మూడు నెలల నియమం

బాకీ లెక్క కట్టే పద్ధతిలో ఒక న్యాయమైన నియమం ఉంది. దాని గురించి నోటీసు అందినవాళ్లలో ఎంతోమందికి తెలియదు. పొదుపు విషయంలో పొరపాటు మూడు నెలలు దాటి సాగితే, ప్రతి మూడు నెలల చివరా, అప్పటిదాకా ఎక్కువగా ముట్టిన మొత్తాన్ని ఆ మనిషి పొదుపులోంచి తీసివేసినట్టు లెక్కించాలి. భృతి రాకపోయి ఉంటే ఆ డబ్బు ఖర్చయిపోయేదే కదా అన్నది దీని వెనకున్న తర్కం.

ఉదాహరణకు ఒంటరి వ్యక్తి, పొదుపు 17,000 పౌండ్లు, చెప్పలేదు, నెలకు 400 పౌండ్ల భృతి ఏడాదిపాటు తీసుకున్నాడు. పైపైన చూస్తే బాకీ 4,800. నియమం ప్రకారం మొదటి మూడు నెలలకు 1,200 పూర్తిగా బాకీ. ఆ మూడు నెలలు ముగిశాక పొదుపు 15,800గా భావిస్తారు. అంటే హద్దు లోపల. ఇక నెలకు కోత 174 మాత్రమే, అదే బాకీ. మూడు నెలలకు 522. తర్వాతి మూడు నెలల్లో పొదుపు 15,278గా మారి బాకీ సుమారు 496, చివరి మూడు నెలల్లో సుమారు 470. మొత్తం కలిపితే దాదాపు 2,690 పౌండ్లు. 4,800కూ దీనికీ మధ్య తేడా 2,000 పౌండ్ల పైమాట. నోటీసులో ఈ లెక్క ఎలా కట్టారో చూపమని అడిగే హక్కు ఉంది. నిర్ణయం తప్పనిపిస్తే పునఃపరిశీలన కోరి, ఆపైన ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

యంత్రాలకు అప్పగించినప్పుడు

ఈ సమస్యను సాఫ్ట్‌వేర్‌తో తేల్చేయాలనుకున్న దేశాలకు ఎదురైన అనుభవాలు చేదువి. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అనే పథకం 2016 నుంచి పన్ను శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని పక్షం పక్షానికీ సగటు కట్టి, భృతి తీసుకున్నవాళ్ల మీద బాకీలు మోపింది. ఆరు నెలలు పనిచేసి, ఆరు నెలలు పని లేక భృతి మీద బతికినవాడికి, ఏడాది పొడుగునా జీతం ఉన్నట్టు చూపింది. కాదని నిరూపించే బాధ్యత అతనిదే. అది చట్టవిరుద్ధమని తేలింది. 2021లో ఫెడరల్ కోర్టు బాధితులతో కుదిరిన ఒప్పందాన్ని ఆమోదించింది. చట్టవిరుద్ధంగా మోపిన బాకీలు 170 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటాయి. 2023 జులైలో క్యాథరిన్ హోమ్స్ నాయకత్వంలోని రాయల్ కమిషన్ నివేదిక ఆ పథకాన్ని తీవ్రంగా ఎండగట్టింది.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భృతిలో చిన్న పొరపాట్లకు సైతం మొత్తం సొమ్ము వెనక్కి అడిగారు. వేల కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయి. 2021 జనవరి 15న మార్క్ రుట్టె ప్రభుత్వం అందుకు బాధ్యత వహించి రాజీనామా చేసింది. అదే దేశంలో వైడెమేరెన్ అనే పురపాలక ప్రాంతంలో ఒకామెకు తల్లి తరచూ సరుకులు తెచ్చి ఇచ్చేదట. వాటిని ప్రకటించలేదని 7,000 యూరోలకు పైగా తిరిగి కట్టాలన్నారు. 2020 చివర్లో దేశమంతా దాని మీద చర్చ నడిచింది. ఆ తర్వాత భృతి తీసుకునేవాళ్లు ఏడాదికి 1,200 యూరోల దాకా కానుకలు పొందినా లెక్కించకూడదన్న నిబంధన చట్టంలోకి వచ్చింది. ఒక సరుకుల సంచి వల్ల చట్టం మారింది.

మన దగ్గర

తెలుగు రాష్ట్రాల్లో పొదుపు ఖాతాలో ఎంతుందో అడిగి సంక్షేమం నిర్ణయించరు. అందుకు బదులు కనిపించే ఆనవాళ్లు చూస్తారు. ఆంధ్రప్రదేశ్ గత ప్రభుత్వం పెట్టిన ఆరంచెల పరిశీలనలో గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయల ఆదాయం, మూడెకరాల మాగాణి లేదా పదెకరాల మెట్ట, నాలుగు చక్రాల బండి, నెలకు 300 యూనిట్ల కరెంటు, పట్టణంలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం వంటివి ప్రమాణాలయ్యాయి. ఒక ఆధార్ కింద ఎన్నో మీటర్లు చేరిపోయి, అద్దెకున్నవాళ్ల కరెంటు ఇంటామె లెక్కలో పడి పింఛను ఆగిన ఉదంతాలు అప్పట్లో విరివిగా వచ్చాయి. ఇక్కడ పొదుపు దాచారన్న ఆరోపణ ఉండదు. కానీ ఆనవాలు అబద్ధం చెబితే శిక్ష మనిషికే పడుతుంది.

వసూలు మాత్రం మనకూ తెలుసు. పీఎం కిసాన్‌లో ఏడాదికి 6,000 రూపాయలు అందుకున్నవారిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, ఇతర అనర్హులు ఉన్నట్టు తేలాక, కేంద్రం 2025 నాటికి 400 కోట్ల రూపాయలకు పైగా వెనక్కి రాబట్టినట్టు పార్లమెంటుకు చెప్పింది. తెలంగాణలో 2024లో ఆసరా పింఛనుతో పాటు కుటుంబ పింఛను కూడా అందుకుంటున్న కొందరు వృద్ధులకు, అందుకున్నదంతా తిరిగి కట్టమని నోటీసులు వెళ్లాయి. విమర్శలు రావడంతో ప్రభుత్వం ఆ వసూలు ఆపమంది. రెండు పింఛన్లూ ఇచ్చింది ప్రభుత్వ శాఖలే. వాటి రికార్డులు ముందే కలిపి చూసుకుంటే ఏళ్ల బాకీ పేరుకునేది కాదు.

బ్యాంకులు సమాచారమిచ్చే రోజులు

అమెరికా ఎస్‌ఎస్‌ఐ అధికారులు పదేళ్లకు పైగా బ్యాంకుల నుంచి నేరుగా ఖాతాల వివరాలు తెప్పించుకుంటున్నారు. బ్రిటన్ ఇప్పుడు ఆ దారి పట్టింది. 2025 జనవరిలో పార్లమెంటు ముందుకు తెచ్చిన చట్టం ప్రకారం యూనివర్సల్ క్రెడిట్, పెన్షన్ క్రెడిట్ వంటివి జమయ్యే ఖాతాల్లో హద్దు దాటిన సొమ్ము ఆనవాళ్లు ఉంటే బ్యాంకులు శాఖకు తెలపాలి. గోప్యత గురించి, తప్పుడు హెచ్చరికల గురించి అభ్యంతరాలు గట్టిగానే వచ్చాయి. అవి న్యాయమైనవి. ఖాతాలో సొమ్ము కనిపించడం వేరు, అది ఆ మనిషిదే అని తేలడం వేరు. హెచ్చరిక రాగానే భృతి ఆపేస్తే రోబోడెట్ మళ్లీ వేరే పేరుతో మొదలవుతుంది.

ఈ చర్చలో మరో పక్కను మరవకూడదు. పెన్షన్ క్రెడిట్‌కు అర్హులైన బ్రిటిష్ వృద్ధుల్లో దాదాపు మూడో వంతు దాన్ని అడగనే అడగరు. కాస్త పొదుపు ఉంటే రాదేమోనన్న భయం అందుకు కారణాల్లో ఒకటి. నిజానికి ఆ భృతికి పై హద్దే లేదు. 10,000 పౌండ్లు దాటాక ప్రతి 500 పౌండ్లకు వారానికి ఒక్క పౌండు మాత్రమే లెక్కిస్తారు. ఎక్కువ పోతోందని లెక్కలు కట్టే శాఖ, అందాల్సినవాళ్లకు అందకుండా మిగిలిపోతున్న దాన్నీ అంతే పట్టుదలతో వెతకాలి.

ఇన్ని దేశాల అనుభవంలోంచి చేయదగ్గ పనులు స్పష్టంగానే కనిపిస్తాయి. హద్దులను ధరలతో కలిపి ఏటా సవరించాలి. అధికారి తప్పుకు దరఖాస్తుదారు బాకీ పడకూడదన్న పాత న్యాయాన్ని తిరిగి తేవాలి. ప్రతి నోటీసులో మూడు నెలల లెక్కను అంకెలతో చూపాలి. అన్నిటికన్నా ముందు, బ్యాంకు పంపే సమాచారాన్ని విచారణ కోసం దాచి ఉంచకుండా, అందిన నెలలోనే ఆ మనిషి ఆన్‌లైన్ ఖాతాకు తెలుగు, పంజాబీ, ఇంగ్లిషు ఏది చదవగలిగితే ఆ భాషలో చిన్న సందేశంగా పంపాలి. మీ ఖాతాలో హద్దు దాటినట్టు కనిపిస్తోంది, ఆ డబ్బు ఎవరిదో చెప్పండి అని అడగాలి. పైన చెప్పిన 17,000 పౌండ్ల మనిషి విషయంలో ఆ సందేశం మొదటి నెలలోనే వెళ్తే బాకీ 400 పౌండ్ల దగ్గరే ఆగుతుంది. ఏడాది ఆగి వెళ్తే 2,690 అవుతుంది. మధ్యలో పెరిగిన ఆ 2,290 పౌండ్లను వసూలు చేసే శాఖ, తన ఆలస్యం వాటా ఎంతో కూడా అదే నోటీసులో రాయాలి.